చెరువు నీళ్ళు పొద్దున ఆకుపచ్చ, మధ్యాహ్నం ఎరుపు: ఇదేంటండి?

చెరువుగట్టు (ఉండి)
అందరికీ నమస్కారమండి. మాది ఉండి పక్కన చేపల చెరువు. శీలావతి, కట్ల వేశాం. కొన్నాళ్ళుగా నీళ్ళ మీద తెట్టు కడుతోంది. తెల్లారాక చూస్తే ముదురు ఆకుపచ్చ. పదకొండు దాటేసరికి ఇటుక రంగు. సాయంత్రం ఎండ తగ్గాక మళ్ళీ పచ్చబడుతోంది. గాలి ఎటు కొడితే ఆ మూలకి చేరి ముడతలు పడుతోంది. చెయ్యి పెట్టి తీస్తే వేళ్ళకి ఎర్రటి పొడి అంటుకుంటోంది. మందుల షాపులో అడిగితే మైలుతుత్తం కొట్టెయ్యమన్నారు. మా బాబాయి ఆగమంటున్నాడు. చేప మేత తింటోంది గానీ తెల్లారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తోంది. ఏం చెయ్యమంటారు?

గోదారి పిల్ల (భీమవరం)
మీ బాబాయి గారి మాటే వినండి. తెల్లారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తోందంటే నీళ్ళలో ఆక్సిజన్ అప్పటికే తక్కువగా ఉంది. ఈ పరిస్థితిలో మైలుతుత్తం కొడితే తెట్టు ఒక్కసారిగా చస్తుంది. చచ్చింది కుళ్ళడానికి ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది. తెల్లారేసరికి చేప తేలిపోతుంది. ముందు రాత్రి పన్నెండు నుంచి పొద్దెక్కేదాకా ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాలు) తిప్పండి. కోళ్ల ఎరువు వేస్తుంటే ఈ రోజు నుంచే ఆపండి.

చెరువుగట్టు (ఉండి)
కోళ్ల ఎరువు మొన్ననే వేశామండి. తవుడు కూడా బాగానే కడుతున్నాం.

కోనసీమ మాస్టారు (అమలాపురం)
చెరువుగట్టు గారూ, రంగు మారే తీరు చూస్తే ఇది చాలావరకు యూగ్లీనా సాంగ్వినియా అయి ఉండాలి. మైక్రోస్కోపు కింద పెట్టి ఖాయం చేసుకోవాల్సిందే గానీ, రోజులో ఇలా పచ్చ నుంచి ఎరుపుకి, మళ్ళీ పచ్చకి తిరిగేవి మన చెరువుల్లో ఎక్కువ రకాలు ఉండవు.

ఒకటే కణం ఉండే జీవి. రెండు చివర్లా సన్నబడిన ఒళ్ళు. ముందువైపు చిన్న గుంట ఉంటుంది, అందులోంచి కశాభం అనే పొడవాటి పోగు ఒకటి బయటికి వస్తుంది. దాన్ని కొరడాలా ఝళిపిస్తూ ఈదుతుంది. రెండో కశాభం కూడా ఉంది గానీ అది పొట్టిది, గుంట దాటి బయటికి రాదు.

ఇక రంగు సంగతి. లోపల పత్రహరితంతో పాటు ఆస్టాజాంథిన్ అనే ఎర్రటి పదార్థం రేణువులుగా ఉంటుంది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఆ రేణువులన్నీ కణం నడిమధ్యకి చేరతాయి, చుట్టూ ఉన్న పచ్చదనం మనకి కనిపిస్తుంది. ఎండ మండగానే అంచులకి వచ్చి పరుచుకుని, కింద ఉన్న పత్రహరితం మాడిపోకుండా అడ్డం పడతాయి. అప్పుడు చెరువంతా ఎర్రగా కనిపిస్తుంది. రొయ్య ఉడికితే ఎర్రబడేది కూడా ఈ ఆస్టాజాంథిన్ వల్లే. పచ్చి రొయ్యలో అది ఒక ప్రోటీన్‌తో కలిసి ఉంటుంది కాబట్టి ఎరుపు బయటపడదు. వేడికి ఆ ప్రోటీన్ చెడగానే అసలు రంగు కనిపిస్తుంది.

కోళ్ల ఎరువు, మిగిలిపోయిన తవుడు కుళ్ళిన నీళ్ళంటే దీనికి ప్రాణం. ఎండ ఉంటే ఆకులా తిండి తయారు చేసుకుంటుంది. ఎండ లేకపోయినా నీళ్ళలో కరిగిన సేంద్రియ పదార్థం మీద బతికేస్తుంది. మన చెరువుల్లో రెండూ పుష్కలమే.

గోదారి పిల్ల (భీమవరం)
మాస్టారూ, దీనికి విషం కూడా ఉందంటారు కదండీ?

కోనసీమ మాస్టారు (అమలాపురం)
ఉందమ్మా. అమెరికాలో నార్త్ కరోలినాలో ఒక చేపల ఫారంలో చేప చచ్చిపోతే, దానికి కారణం యూగ్లీనా సాంగ్వినియా అని తేల్చి 2004లో ప్రచురించారు. తర్వాత ఆ విషాన్ని విడదీసి యూగ్లీనోఫైసిన్ అని పేరు పెట్టారు. అయితే తెట్టు కట్టిన ప్రతిచోటా చేప చస్తుందని దీని అర్థం కాదు. మన దగ్గర ముందు కాచుకోవాల్సింది ఆక్సిజన్ గురించే. తెట్టు దట్టంగా పరుచుకుంటే కిందకి వెలుతురు దిగదు, కింద ఉన్న మంచి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే కంటికి కనపడని పచ్చటి జీవులు) ఆక్సిజన్ తయారు చెయ్యలేదు.

వైనతేయ (రాజోలు)
నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఈ ఈత సంగతి నాకు చాలా ఇష్టమైన అంశం, అందుకే కొంచెం పెద్దదే రాస్తున్నా.

అంత చిన్న ఒంటికి నీళ్ళు మనకి తగిలినట్టు తగలవు. మనం ఈదేటప్పుడు ఒక్క బార వేసి ఆగినా కొంత దూరం సాగిపోతాం. వాటికి ఆ సాగడం ఉండదు. కశాభం ఆగిన క్షణమే ఒళ్ళూ ఆగిపోతుంది. ఒక బ్యాక్టీరియా ఈత ఆపాక సాగే దూరం ఒక పరమాణువు వెడల్పు కంటే కూడా తక్కువని లెక్కగట్టారు. పూతరేకుల కోసం కాచిన బెల్లం పాకంలో మనిషి ఈదాల్సి వస్తే ఎంత కష్టమో, వాటికి మామూలు నీళ్ళే అలా ఉంటాయి. ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ అందరూ చదువుతారు. ఆయన తేల్చింది ఏమిటంటే, అంత చిన్న జీవి ఒక కదలికని ముందుకీ వెనక్కీ ఒకే దారిలో చేస్తే ఉన్నచోటే ఉండిపోతుంది. ముందుకు కదిలినంతా వెనక్కి వచ్చేస్తుంది. వేగంగా తోసి నెమ్మదిగా వెనక్కి లాగినా లాభం లేదు. అందుకే కశాభం తలుపులా అటూ ఇటూ ఊగదు. మొదట్లో పుట్టిన వంపు చివరిదాకా అలలా పాకుతుంది. ఆ అల వెనక్కి తిరిగి రాదు, కాబట్టి జీవి ముందుకు వెళుతుంది.

క్లామిడోమోనాస్ అని ఇంకోటి ఉంది. మంచినీటి గుంటల్లో, తడి మట్టిలో ఉండే చిన్న పచ్చటి కణం, మిల్లీమీటరులో వందో వంతు ఉంటుంది. దానికి ముందువైపు రెండు కశాభాలు. రెండింటినీ చాచి వెనక్కి తోస్తుంది, మళ్ళీ ముందుకు తెచ్చేటప్పుడు ఒంటికి ఆనించి వంచి తెస్తుంది. పోయే దారీ వచ్చే దారీ ఒకటి కాదు కాబట్టి ముందుకు సాగుతుంది. సెకనుకు 50 సార్లు దాకా కొడుతుంది.

చెరువుగట్టు (ఉండి)
అంత చిన్న దానికి దారెలా తెలుస్తుందండి? మా చెరువులో నీడ ఉన్న వైపు తక్కువ, ఎండ ఉన్న వైపు ఎక్కువ ఉంటోంది.

కోనసీమ మాస్టారు (అమలాపురం)
మంచి పరిశీలన. యూగ్లీనా ఈదుతూ తన చుట్టూ తాను తిరుగుతుంది. కశాభం మొదట్లో వెలుతురు పసిగట్టే చిన్న ఉబ్బు ఉంటుంది, దాని పక్కనే ఎర్రటి కంటిచుక్క. ఒళ్ళు తిరిగినప్పుడల్లా వెలుతురు పక్క నుంచి వస్తుంటే కంటిచుక్క నీడ ఆ ఉబ్బు మీద పడుతుంది. నీడ పడినప్పుడల్లా కశాభం కొట్టే తీరు మారి దిశ సర్దుకుంటుంది. సరిగ్గా వెలుతురు వైపు తిరిగాక ఆ నీడ పడడం ఆగిపోతుంది, ఇక తిన్నగా వెళుతుంది. వెలుతురు మరీ ఎక్కువైతే తప్పుకుని పోతుంది కూడా. ఆ పసిగట్టే ప్రోటీన్ నీలి కాంతికి స్పందించేదని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు.

పిల్లలు అడుగుతుంటారు, ఇది మొక్కా జంతువా అని. బోటనీ వాళ్ళూ చెప్తారు, జువాలజీ వాళ్ళూ చెప్తారు. నా అభిప్రాయం ఏంటంటే ఆ రెండు గదుల్లో దేంట్లోనూ పెట్టనక్కరలేదు. యూగ్లీనా గ్రాసిలిస్‌ని స్ట్రెప్టోమైసిన్‌లో పెంచితే పత్రహరితం పోయి తెల్లబడుతుంది, దాని సంతానం కూడా తెల్లగానే పుడుతుంది. అయినా తిండి దొరికితే హాయిగా ఈదుతూ బతుకుతుంది. ఎప్పుడో పూర్వకాలంలో ఒక పచ్చటి శైవలాన్ని (నాచు జాతి కణాన్ని) మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచేసుకున్న వంశం ఇది. పత్రహరితం అలా వచ్చిందే.

పాడి డాక్టర్ (పాలకొల్లు)
మాస్టారు వంశం మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఈ యూగ్లీనాకి దగ్గరి చుట్టం మన గేదెల రక్తంలో ఈదుతుంది. ట్రిపనోసోమా ఇవాన్సీ. సర్రా జబ్బు తెచ్చేది అదే. రెండింటి కశాభం లోపలా, మామూలు నిర్మాణం పక్కన అదనంగా ఒకే రకం కడ్డీ లాంటి భాగం ఉంటుంది. ఒకటి చెరువులో ఎండ తింటుంది, ఇంకోటి రక్తంలో చక్కెర తింటుంది.

వానలు పడ్డాక జోరీగలు పెరిగే రోజుల్లో మా దగ్గరకి ఇలాంటి కేసులు వస్తాయి. జ్వరం వచ్చి తగ్గి మళ్ళీ వస్తుంది. పాలు పడిపోతాయి. పశువు బక్కచిక్కుతుంది. కొన్ని గుండ్రంగా తిరుగుతాయి, గోడకి తల ఆనించి నిలబడతాయి. జ్వరం ఉన్నప్పుడు చెవి నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజు పలక మీద తడిగానే పెట్టి చూస్తే మొదట ఆ క్రిమి కనపడదు. ఎర్ర కణాలు ఒకచోట గుంపుగా అదిరిపడుతుంటాయి. అక్కడే చూపు నిలిపితే మధ్యలో సన్నగా మెలికలు తిరుగుతూ అది కనిపిస్తుంది. దాని కశాభం ఒంటికి పలచటి పొరతో అతుక్కుని ఉంటుంది, కొసన మాత్రం విడిగా ఉంటుంది. అది కొట్టుకుంటే పొరంతా అలలుగా కదులుతుంది.

గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో అప్పటి పంజాబ్‌లో, డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర, జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని చూశాడు. జంతువులకి జబ్బు చేసే ట్రిపనోసోమాల్లో మొదట దొరికింది ఇదే. జోరీగ దీన్ని తన ఒంట్లో పెంచదు. ఒక పశువుని కుడుతూ మధ్యలో లేచి ఇంకో పశువు మీద వాలితే, మూతికి అంటిన రక్తంతోనే అంటిస్తుంది. కొట్టం దగ్గర పేడ, తడి లేకుండా చూసుకోండి. మందు ఉంది, కానీ బరువు చూసి డాక్టర్ ఇవ్వాల్సిందే.

లంక అమ్మాయి (రాజోలు)
ఇవన్నీ చదువుతుంటే మా పిల్లల నీళ్ళ గురించి భయమేస్తోంది. ఎండాకాలం కాలువ కట్టేశాక ఊరి మంచినీళ్ళ చెరువులోవే తాగుతాం. ఆ నీళ్ళలోనూ ఇలాంటివి ఉంటాయా?

పాడి డాక్టర్ (పాలకొల్లు)
యూగ్లీనా మనిషికి జబ్బు చేసే క్రిమి కాదమ్మా. చూసుకోవాల్సింది జియార్డియా. దానికి ఎనిమిది కశాభాలు, ఒంటి కింద పళ్ళెం లాంటి భాగంతో పేగు గోడకి అతుక్కుంటుంది. నూనె కలిసినట్టు, కంపు కొట్టే విరేచనాలు, కడుపుబ్బరం, పిల్లలు బరువు పెరగకపోవడం. మలంతో బయటికి వచ్చేటప్పుడు గట్టి పెంకు కట్టుకుని సిస్టుగా మారుతుంది, అందుకే మామూలుగా వేసే క్లోరిన్ దాన్ని సరిగ్గా చంపలేదు. నీళ్ళు తెర్లి ఒక నిమిషం మరగనిస్తే చస్తుంది. పిల్లలకి విరేచనాలు తగ్గకపోతే పీహెచ్‌సీలో మలపరీక్ష చేయించండి.

కోనసీమ మాస్టారు (అమలాపురం)
జియార్డియాని మొదట చూసిన మనిషి లేవెన్‌హుక్. బట్టల వ్యాపారి, తన కటకాలు తానే అరగదీసుకున్నాడు. 1674లో ఒక సరస్సు నీళ్ళలో మధ్యలో పచ్చగా ఉన్న చిన్న ప్రాణుల గురించి రాశాడు, అది యూగ్లీనా అయి ఉంటుందని చాలామంది అంటారు. 1681లో తనకి విరేచనాలైతే తన మలాన్నే కటకం కింద పెట్టి చూశాడు. అక్కడ కనిపించింది జియార్డియా అని ఆయన వర్ణన బట్టి తెలుస్తోంది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ రెండో సంగతి చదివాకే.

ఉప్పాడ కెరటం (కాకినాడ)
సముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. చీకటి రాత్రుల్లో వల లాగుతుంటే తాడు వెంట నీలంగా మెరుస్తుంది. తెడ్డు వేస్తే అక్కడా వెలుగుతుంది. మావాళ్ళు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అది కూడా ఈ జాతేనా?

కోనసీమ మాస్టారు (అమలాపురం)
చాలావరకు నాక్టిల్యూకా. డైనోఫ్లాజెల్లేట్ వర్గం. ఈ వర్గంలో మామూలుగా రెండు కశాభాలు: ఒకటి నడుము చుట్టూ ఉన్న గాడిలో తిరుగుతుంది, ఇంకోటి వెనక్కి వేలాడుతుంది. అందుకే గిరగిరా తిరుగుతూ ఈదుతాయి. నాక్టిల్యూకా మాత్రం ఈతలో వెనకబడింది. కంటికి కనిపించేంత పెద్ద గుండ్రటి కణం, ఒక్కోటి మిల్లీమీటరు దాకా ఉంటుంది, లోపలి ద్రవం సముద్రం నీళ్ళ కంటే తేలిక కాబట్టి తేలుతూ బతుకుతుంది. నీళ్ళు కదిలితే లోపల రసాయన చర్య జరిగి క్షణం పాటు వెలుగు వస్తుంది. ఇవి మరీ పెరిగితే పగలు నీళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. ఆ రోజుల్లో అక్కడ చేప దొరకడం తగ్గుతుంది, ఎందుకంటే చచ్చాక కుళ్ళి ఆక్సిజన్ లాగేస్తాయి, అమోనియా వదులుతాయి.

హేచరీ కుర్రాడు (తొండంగి)
మా హేచరీల్లో కూడా రాత్రి ట్యాంకు వెలిగితే గుండె ఆగినంత పనవుతుంది. అది వేరు. అది విబ్రియో హార్వేయి, బ్యాక్టీరియా. రొయ్య పిల్ల ఒళ్ళే వెలుగుతుంది, కదిపినా కదపకపోయినా వెలుగు ఉంటుంది. సముద్రంలో మెరుపు కదిపినప్పుడే వచ్చి పోతుంది. తేడా గుర్తుపట్టాలంటే ఇదే గుర్తు. కాకపోతే విబ్రియోకి కూడా కశాభం ఉంది కదా, అంటే ఇదీ ఆ గుంపులోదేగా?

వైనతేయ (రాజోలు)
కాదండి, ఇక్కడ నేను గట్టిగా చెప్తాను. పేరొకటే గానీ పనిముట్లు పూర్తిగా వేరు.

యూగ్లీనా కశాభాన్ని అడ్డంగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే చుట్టూ తొమ్మిది జంట నాళికలు, మధ్యలో రెండు విడి నాళికలు. ఆ జంటలు డైనీన్ అనే ప్రోటీన్ సాయంతో ఒకదాని పక్క నుంచి ఒకటి జారడం వల్ల కశాభం వంగుతుంది. శక్తి ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడే పదార్థం) నుంచి వస్తుంది. పొడవునా ఎక్కడికక్కడ వంగే శక్తి దానికి ఉంది.

విబ్రియో కశాభం తనంతట తాను వంగదు. అది ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో చేసిన మెలిక తిరిగిన గట్టి పోగు. దాని మొదట్లో కణం గోడలో తిరిగే యంత్రం ఉంది, పోగుని గుండ్రంగా తిప్పుతుంది. ఇది తిరుగుతుందని హోవర్డ్ బర్గ్, రాబర్ట్ ఆండర్సన్ 1973లో వాదించారు, మరుసటి ఏడాది సిల్వర్‌మాన్, సైమన్ కళ్ళకి కట్టేలా చూపించారు. పోగుని గాజుకి అతికించేస్తే బ్యాక్టీరియా ఒళ్ళే గిరగిరా తిరిగింది. సముద్రపు విబ్రియోల్లో ఆ యంత్రం సోడియం అయాన్ల ప్రవాహంతో నడుస్తుంది. ఒక జాతిలో సెకనుకు వెయ్యి సార్లకి పైగా తిరుగుతుందని కొలిచారు.

మీ ఒంట్లోనే మొదటి రకం ఉంది. ఊపిరి గొట్టం లోపల కఫాన్ని పైకి నెట్టే సన్నటి శైలికలు, వీర్యకణం తోక, ఇవన్నీ యూగ్లీనా కశాభం లాగే తొమ్మిది జంటలు, మధ్యలో రెండు. విబ్రియోది మాత్రం మనకి ఎక్కడా లేదు.

లంక అమ్మాయి (రాజోలు)
ఇది నేను ఇంటర్‌లో చదివినప్పుడు ఎవరూ ఇలా చెప్పలేదు. మలేరియా క్రిమికి కూడా కశాభం ఉంటుందా?

పాడి డాక్టర్ (పాలకొల్లు)
ఒక్క దశలో. మగ కణం దోమ కడుపులోకి వెళ్ళాక అందులోంచి కొరడాల్లాంటి పోగులు విదిలించుకుంటూ బయటికి వస్తాయి. లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టర్ 1880లో అల్జీరియాలో, రోగి నుంచి తీసిన రక్తంలో ఆ విదిలింపు చూసే, ఇది ప్రాణమున్న క్రిమి అని నమ్మాడు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది దాని తర్వాతి దశని.

గోదారి పిల్ల (భీమవరం)
చెరువుగట్టు గారి సంగతి వదిలెయ్యకండి. చేపలు ఉన్న చెరువు కాబట్టి నేను చేసే పద్ధతి చెప్తాను. గాలికి తెట్టు ఏ మూలకి చేరుతుందో ఆ మూల పొద్దెక్కాక పాత చీర అడ్డంపట్టి దగ్గరకి లాగి, గట్టు మీదకి తోడెయ్యండి. తోడింది మళ్ళీ వానకి చెరువులోకి జారకుండా దూరంగా పొయ్యండి. తవుడు సగానికి తగ్గించండి. కాలువ నీళ్ళు వస్తుంటే అడుగు నీళ్ళు కొంత తోడేసి కొత్త నీళ్ళు పెట్టండి, తూము దగ్గర సన్న వల మర్చిపోకండి. తెట్టు పోయిందని చెరువు తేటబడేదాకా పోనివ్వకండి, లేత ఆకుపచ్చ రంగు చేపకి తిండే.

మైలుతుత్తం ఎప్పుడూ వాడకూడదని నేను అనను. కానీ ముందు నీళ్ళ క్షారత కొలవాలి. లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ మందు చేపనే చంపుతుంది. ఎంత ఉందో చూడకుండా ఎకరానికి ఇంత అని చెప్పే సలహా ఎవరిచ్చినా తీసుకోకండి.

చెరువుగట్టు (ఉండి)
అలాగేనండి. ఏరేటర్లు రాత్రి నుంచే తిప్పుతున్నాం, ఎరువు ఆపేశాం. నీళ్ళు ఎక్కడ చూపించాలి? శాంపిల్ ఎలా తియ్యాలి?

కోనసీమ మాస్టారు (అమలాపురం)
మీ ఊళ్ళోనే, ఉండిలో మత్స్య పరిశోధన స్థానం ఉంది. ముందు అక్కడికి వెళ్ళండి. తెట్టు ఉన్నచోట ఒక సీసా, చెరువు మధ్యలో ఒక సీసా, విడివిడిగా తియ్యండి. సీసా నిండా పొయ్యకండి, పైన మూడో వంతు ఖాళీ ఉంచండి, లేకపోతే లోపల గాలి చాలక దారిలోనే చస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎండలో ఉంచకండి, అదే రోజు చేర్చండి. ఏ టైముకి తీశారో, అప్పుడు ఏ రంగులో ఉందో సీసా మీద రాయండి.

దగ్గర్లో కాలేజీ పిల్లలు ఎవరి దగ్గరైనా ఫోల్డ్‌స్కోపు (కాగితం మడిచి చేసే చిన్న మైక్రోస్కోపు) ఉంటే దాంట్లో కూడా యూగ్లీనా ఒళ్ళు తెలుస్తుంది. కశాభం మాత్రం కనపడదు, దాని మందం మిల్లీమీటరులో నాలుగైదు వేల వంతు. అది చూడాలంటే కాలేజీ ల్యాబ్‌లో పెద్ద మైక్రోస్కోపు కింద, వెలుతురు బాగా తగ్గించి, పలక అంచున చిన్న అయోడిన్ చుక్క పెట్టండి. అయోడిన్ పాకగానే జీవి ఆగిపోయి కశాభం రంగు పట్టి తేలుతుంది. కాబట్టి ఈదేవాటిని తనివితీరా చూశాకే ఆ చుక్క వెయ్యండి.